ఆరేళ్ల పాపకి మళ్లీ యూరిన్ ఇన్ఫెక్షన్, బడిలో ఆపుకోవడం వల్లేనా?

ప్రశ్న (ఖమ్మం):
మా పాప ఒకటో తరగతి. పోయిన వేసవిలో ఒకసారి, ఇప్పుడు దసరా సెలవుల ముందు మళ్లీ యూరిన్ ఇన్ఫెక్షన్ వచ్చింది. చలిజ్వరం, పొత్తికడుపు నొప్పి, ఒంటేలుకి కూర్చుంటే మంటని ఏడుపు. కల్చర్‌లో (మూత్రంలో ఏ క్రిమి ఉందో చూసే పరీక్ష) రెండుసార్లూ ఈ.కొలై అనే క్రిమి అని రాశారు. అత్తయ్య వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగిస్తున్నారు. బడిలో బాత్రూం కంపు కొడుతుందని పొద్దున పోయిన పిల్ల మళ్లీ ఇంటికొచ్చాకే పోతుంది. అదే కారణమా?

జవాబు (పిల్లల వార్డు నర్సు, వరంగల్):
అదీ ఒక కారణమే చెల్లీ. కానీ మోషన్ ఎలా అవుతోందో రాయలేదు, నేను ముందు అడిగేది అదే. పేగులో గట్టిపడిన మలం పక్కనున్న మూత్రసంచిని నొక్కేస్తుంది. పిల్ల కూర్చుని లేచినా సంచి ఖాళీ అవదు, మిగిలిన మూత్రంలో క్రిములు పెరుగుతాయి. ఆడపిల్లలకి మూత్రనాళం పొట్టిది, మలంలోని ఈ.కొలైకి దారి దగ్గర. అందుకే కడిగేటప్పుడు ముందు నుంచి వెనక్కే కడగాలి.

వయసుకి ఒకటి కలిపి 30తో హెచ్చిస్తే సంచి పట్టే కొలత సుమారుగా మిల్లీలీటర్లలో వస్తుంది. మీ పాపకి 210. అంత చిన్న సంచితో రోజంతా ఆపుకోవడమంటే ఎంత కష్టమో చూడండి! రెండు మూడు గంటలకోసారి పంపాలి. కమోడ్ మీద కాళ్లు వేలాడితే కింద పీట వేయండి.

సబ్జా నీళ్లు తాగనివ్వండి, కానీ వైద్యం అదే అనుకోవద్దు. జ్వరంతో రెండోసారి కదా, కిడ్నీల స్కానింగ్ తీయించారా? కొందరు పిల్లల్లో మూత్రం వెనక్కి కిడ్నీల వైపు ఎగదన్నుతుంది, రిఫ్లక్స్ అంటారు. అలాంటివాళ్లకి జ్వరంతో పదేపదే వస్తే కిడ్నీ మీద మచ్చలు పడొచ్చు. మళ్లీ జ్వరమొస్తే ఇంట్లో మిగిలిన మందు పోయకుండా, ముందు యూరిన్ కల్చర్‌కి ఇవ్వండి.

జవాబు (గుంటూరు):
మగపిల్లల తల్లిదండ్రులు కూడా చదవండి. మా బాబుకి ఐదో నెలలో జలుబు, దగ్గు ఏమీ లేకుండా జ్వరం. ధార సన్నగా, బొట్లు బొట్లుగా వచ్చేది. మూత్రనాళంలో పుట్టుకతోనే అడ్డుపొర ఉందని తేలి, ఆపరేషన్ చేశారు.

జవాబు (ప్రభుత్వ బడి టీచర్, నల్గొండ):
క్లాస్ టీచర్‌కి డాక్టర్ చీటీ చూపించండమ్మా. ఇంటర్వెల్‌లో పెద్దపిల్లల తోపులాటకి చిన్నవాళ్లు వెనక్కొచ్చేస్తారు. నేను మా ఒకటో తరగతి వాళ్లని గంట కొట్టడానికి కాస్త ముందే పంపుతాను.

ప్రశ్న అడిగినవారు:
మోషన్ మూడు నాలుగు రోజులకోసారే అక్కా, అదీ గట్టిగా. దీనికీ దానికీ సంబంధముందని ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. స్కానింగ్ తీయలేదు. సోమవారం డాక్టర్‌ని రెండూ అడుగుతాను.