అడవి నరికితే డెల్టాకి వాన తగ్గుతుందా?

లంక రైతు:
మన గోదారిలో కలిసే శబరి నది ఎగువన అడవులు తరిగిపోతుంటే మనకి వానలు తగ్గుతాయని ఊళ్లో ఒకాయన గట్టిగా వాదించారు. మన వానలు బంగాళాఖాతం అల్పపీడనాల వల్ల కదండీ! శబరి పుట్టే ఒడిశా కోరాపుట్ చెట్లకీ వాటికీ ఏం సంబంధం? 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు వచ్చాయి. అప్పటి అడవి ఆ వరదని ఆపిందా?

కాకినాడ మేస్టారు:
ఆపలేదండీ. రోజుల తరబడి కురిసి నేల నానిపోయాక చెట్లున్నా అంత వరద ఆగదు. తేమలో ఎక్కువ భాగం సముద్రానిదే, అదీ నిజమే.

కానీ అల్పపీడనం తీరం దాటి ఛత్తీస్‌గఢ్ వైపు వెళ్ళాక సముద్రం దూరమైపోతుంది. అక్కడ తడి నేల, చెట్లు వదిలే ఆవిరి దానికి కొంత బలం. లోతు వేళ్ళున్న చెట్టు వాన ఆగిన రోజుల్లో కూడా భూమిలో నీటిని తోడి గాలికిస్తుంది. పోడు కొట్టిన గుట్ట అంత ఇవ్వలేదు. దట్టమైన పచ్చదనం మీదుగా కొన్ని రోజులు ప్రయాణించిన గాలి, పచ్చదనం తక్కువున్న చోటు మీదుగా వచ్చిన గాలికన్నా కనీసం రెట్టింపు వాన ఇస్తుందని 2012లో ఒక పరిశోధన చెప్పింది. ఉష్ణమండల భూభాగంలో 60 శాతానికి పైగా అలాగే ఉందట. ఆ లెక్కని పక్కనే సముద్రమున్న మన డెల్టాకి నేరుగా వేయకూడదు. దెబ్బ ముందు తగిలేది ఎగువకే. మరి దాళ్వాకి, అంటే రెండో పంట వరికి, శబరిలో కలిసే సీలేరు నీళ్ళ కోసం ఎదురుచూసేది మనమే కదండీ!

ఉప్పాడ కుర్రోడు:
మేస్టారూ, వరద నీరు సముద్రం మీద తేలి పై పొర చల్లారకుండా చేస్తుందనీ, అందుకే నవంబరు తుపాన్లకి బలమనీ చదివాను. అడవి పోతే వరద పెరిగి తుపాన్ల బలమూ పెరగదా?

కాకినాడ మేస్టారు:
మంచినీరు తేలిక, ఉప్పునీరు బరువు. రెండూ సులువుగా కలవవు కాబట్టి వేడి అక్కడే నిలుస్తుంది. అంతవరకూ నిజం. కానీ బంగాళాఖాతంలోకి మంచినీరు ఎక్కువగా వచ్చేది గంగా బ్రహ్మపుత్రల నుంచీ, వాన నుంచీ. గోదారి వాటా చిన్నది. తుపానుల్ని శబరి చెట్ల ఖాతాలో వేయొద్దు. తీరం సంగతైతే కోరింగ మడ అడవి చూడండి. అది అలల జోరు తగ్గిస్తుంది, ఒండ్రు పట్టి ఉంచుతుంది. ఎగువ ఆనకట్టల్లో ఒండ్రు ఆగిపోతున్న ఈ రోజుల్లో మడ కూడా నరికితే ఒడ్డుకి ఏం మిగులుతుంది?

లంక రైతు:
సీలేరు మాట నాకు తట్టలేదండీ. మా శివారు పొలాలకి నీళ్ళందక ఒక దాళ్వా మొత్తం వదిలేశాం. నీటి సంఘం మీటింగులో ఎగువ అడవి సంగతి నేనే ఎత్తుతాను.