పెంటియం 4 మీద కాటా, డాట్ మ్యాట్రిక్స్: కెర్నెల్‌లోంచి పాత హార్డ్‌వేర్ తీసేస్తే ఏటి చెయ్యాలి?

వంశధార_పలాస:
పలాసలో జీడిపిక్కలు కొనే గోడౌన్‌లోని సిస్టమ్ గురించి అడుగుతున్నాను. పెంటియం 4 (2.4 గిగాహెర్ట్జ్, సాకెట్ 478), 1 జీబీ ర్యామ్, లినక్స్ డిస్ట్రో డెబియన్ 12 32-బిట్, కెర్నెల్ (హార్డ్‌వేర్‌ని నడిపే లినక్స్ గుండెకాయ) 6.1. పీసీఐ స్లాట్‌లో రెండు సీరియల్, ఒక ప్యారలల్ పోర్టు ఉన్న కార్డు ఉంది. చిప్ మీద ఎంసీఎస్ 9835 అని రాసుంది. సీరియల్‌కి కాటా ఇండికేటర్ (9600, 8ఎన్1), ప్యారలల్‌కి డాట్ మ్యాట్రిక్స్. 80 కిలోల బస్తా కాటా ఎక్కగానే తూకం స్క్రీన్ మీదికొస్తుంది, మూడు కాపీల చీటీ వస్తుంది. డెబియన్ 13కి వెళ్దామంటే 32-బిట్ కెర్నెలే లేదంటున్నారు. లినక్స్‌లోంచి 486 అనే పాత ప్రాసెసర్‌నీ, పాత డ్రైవర్లనీ తీసేస్తున్నారని కూడా విన్నాం. రేపు ఈ కార్డు డ్రైవర్ కూడా పోతే ఏటి చెయ్యాలి? సీజన్‌లో కాటా ఆగితే బళ్లు రోడ్డు మీద నిలబడిపోతాయి.

చంపావతి:
బాబూ, ఇక్కడ మూడు సంగతులు కలిసిపోయాయి, విడదీసి చూడండి.

486 తొలగింపు కోసం 2025 ఏప్రిల్‌లో కెర్నెల్ డెవలపర్ ఇంగో మోల్నార్ ప్యాచ్‌లు (కోడ్ మార్పులు) పంపారు. వాటి ప్రకారం ప్రాసెసర్‌లో టీఎస్‌సీ, సీఎక్స్8 అనే రెండు సదుపాయాలు ఉంటే చాలు. పెంటియం 4లో రెండూ ఉన్నాయి, దాంతో మీకు పని లేదు.

డెబియన్ 13 సంగతి కెర్నెల్ వాళ్ల నిర్ణయం కాదు, డిస్ట్రో నిర్ణయం. 32-బిట్ ఇన్‌స్టాలర్‌నీ కెర్నెల్‌నీ ఆపేశారు. మిగిల్చిన 32-బిట్ ప్యాకేజీలు 64-బిట్ ప్రాసెసర్ మీద పాత ప్రోగ్రాములు నడుపుకోవడానికే. కాబట్టి ఆ మిషన్‌లో ఆప్ట్ సోర్సుల్ని (ప్యాకేజీలు దింపుకునే చిరునామాల్ని) 13కి మార్చకండి. డెబియన్ 12కి ఎల్‌టీఎస్ (పొడిగించిన భద్రతా అప్‌డేట్ల) గడువు 2028 జూన్ దాకా ఉంది.

మూడోది కార్డు. 'ఎల్ఎస్‌పీసీఐ -ఎన్ఎన్‌కే' కొడితే నంబరు, దాని కింద ఏ డ్రైవర్ నడుస్తోందో కనిపిస్తాయి. అలాగే ప్రాక్ కింద సీపీయూఇన్ఫోలో ఫ్లాగ్స్ వరసలో 'ఎల్ఎం' ఉందా చూడండి. ఉంటే 64-బిట్ కెర్నెల్ నడుస్తుంది. రెండూ ఇక్కడ రాయండి.

నాగావళి_గట్టు:
వయసు చూసి ఏ డ్రైవర్‌నీ తీయరు. కెర్నెల్ లోపల ఒక ఫంక్షన్ రూపం మారితే దాన్ని వాడే డ్రైవర్లన్నీ దిద్దాలి. దిద్దాక ఆ హార్డ్‌వేర్ మీద పెట్టి చూసే మనిషి లేకపోతే, కంపైల్ అవుతుందన్న ధైర్యం తప్ప ఇంకేమీ మిగలదు. 486కి ముందు తరం ప్రాసెసర్ 386 భారం ఇంకో రకం. అందులో సీఎంపీ-ఎక్స్‌చేంజ్ (విలువని పోల్చి, సరిపోతే ఒకే దెబ్బలో మార్చే) ఇన్‌స్ట్రక్షన్ లేదు. పైగా మెమరీ పేజీకి రైట్-ప్రొటెక్ట్ (రాయకూడదన్న గుర్తు) పెట్టినా కెర్నెల్ మోడ్‌లో రాసేటప్పుడు ఆ చిప్ పట్టించుకోదు. ఆ ఒక్క చిప్ కోసం ప్రత్యేక తనిఖీలు మోయాల్సి వచ్చేది. 2013లో కెర్నెల్ 3.8తో దాన్ని తీసేశారు. 4.17లో (2018) ఏకంగా 8 ఆర్కిటెక్చర్లు (ప్రాసెసర్ రకాలు) పోయాయి. ఇంటెల్ సర్వర్ ప్రాసెసర్ ఇటానియంని 2021లో 'ఆర్ఫన్' అని గుర్తు పెట్టారు, 6.7లో తీసేశారు. ఫ్లాపీ డ్రైవర్‌కి 2019లోనే ఆ గుర్తు పడింది, అయినా వెంటనే తీసేయలేదు. ఆర్ఫన్ అంటే చూసుకునే మనిషి లేడని మాత్రమే.

తీసేసే ప్యాచ్ రాయాలనుకునే కుర్రాళ్లకి ఒక మాట. సీ ఫైలు చెరిపేస్తే పని అయిపోదు. కేకాన్ఫిగ్‌లో (ఏవి కట్టాలో ఎంచుకునే జాబితాలో) ఎంట్రీ, మేక్‌ఫైల్‌లో లైను, మెయింటెయినర్స్ ఫైల్లో పేరా, డాక్యుమెంటేషన్, డెఫ్‌కాన్ఫిగ్‌లలో (ముందే సిద్ధం చేసి పెట్టిన ఎంపికల్లో) ఆ గుర్తు, ఇవన్నీ పోవాలి. మిగిలిన తోకలు 'చెక్‌కేకాన్ఫిగ్‌సింబల్స్' స్క్రిప్టుకి దొరుకుతాయి. యూఏపీఐ హెడర్ల జోలికి మాత్రం తొందరపడి వెళ్లొద్దు, బయటి ప్రోగ్రాములు వాటితోనే కంపైల్ అవుతాయి. ఒక డ్రైవర్‌కి ఒకే ప్యాచ్ పెడితే, రేపు ఎవరైనా 'నేను వాడుతున్నాను' అని వచ్చినప్పుడు వెనక్కి తేవడం తేలిక. 'గిట్ ఫార్మాట్-ప్యాచ్ -డీ' (డీ పెద్ద అక్షరం) అంటే చెరిపిన పాఠం లేకుండా చిన్న మెయిల్ తయారవుతుంది, చదవడానికి హాయి. కానీ అది అప్లై అవదు, అందుకని గిట్ ట్రీ లింకు కూడా ఇవ్వాలి.

వంశధార_పలాస:
'ఎల్ఎం' లేదు. కార్డు 9710:9835, డ్రైవర్ పార్‌పోర్ట్_సీరియల్. బోర్డు మారిస్తే ఇదే కార్డు పనికొస్తుందా?

చంపావతి:
పనికొస్తుంది, పీసీఐ స్లాట్ ఉన్న బోర్డయితే చాలు. సెకండ్ హ్యాండ్‌లో జీ31 లేదా జీ41 బోర్డు, కోర్ 2 డ్యుయో, 2 జీబీ ర్యామ్ తీసుకోండి. డెబియన్ 13 64-బిట్‌ని కొత్త డిస్క్ మీద తాజాగా వేయండి. పాత డిస్క్‌ని ముట్టుకోవద్దు. బిల్లింగ్ ప్రోగ్రాం 32-బిట్‌దైతే 'డీపీకేజీ --యాడ్-ఆర్కిటెక్చర్ ఐ386' కొట్టి, దానికి కావాల్సిన లైబ్రరీలు దింపుకోవచ్చు.

తప్పు జరిగేది రెండు చోట్ల. కార్డు సీరియల్ పోర్టులు సాధారణంగా టీటీవైఎస్4 (లినక్స్ సీరియల్ పోర్టుకి పెట్టే పేరు) నుంచి మొదలవుతాయి. ప్రోగ్రాంలో టీటీవైఎస్0 అని ఉంటే తూకం రాదు, ఎర్రర్ కూడా రాదు, తెర మీద సున్నా అలా నిలబడి ఉంటుంది. డీమెస్‌జీ (కెర్నెల్ సందేశాలు చూపే కమాండ్) కొట్టి నంబరు చూసి రాయండి. రెండోది, బోర్డు మీద సొంత ప్యారలల్ పోర్టు ఉంటే ఎల్‌పీ0 (మొదటి ప్రింటర్ పోర్టు) పేరు అదే తీసుకుంటుంది, కార్డు ఎల్‌పీ1 అవుతుంది. చీటీ ఖాళీ పోర్టుకి వెళ్లి క్యూలో కూర్చుంటుంది. బయాస్‌లో బోర్డు పోర్టుని ఆఫ్ చేసేయండి.

పీసీఐ లేని బోర్డే దొరికితే ఎంసీఎస్ 9901 చిప్ ఉన్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు చూడండి. కాటాకి యూఎస్‌బీ-సీరియల్ కేబుల్ వాడితే టీటీవైయూఎస్‌బీ0 పేరు మీద ఆధారపడకండి, తీసి పెట్టినప్పుడు మారిపోగలదు. డెవ్ కింద సీరియల్‌లో 'బై-ఐడీ' దారి ఇవ్వండి.

నాగావళి_గట్టు:
కొత్త కెర్నెల్ ఎక్కాక కార్డు కనబడకపోతే డ్రైవర్ పోయిందని అనుకోకండి. బూట్ ఫోల్డర్‌లోని కాన్ఫిగ్ ఫైల్లో పార్‌పోర్ట్_సీరియల్ ఎదురుగా 'ఎం' (మాడ్యూల్‌గా కట్టారని) ఉందా చూడండి. 'నాట్ సెట్' అని ఉంటే డిస్ట్రో ఆపిందంతే, కోడ్ సోర్సులో ఉంటుంది, ఆ మాడ్యూల్ ఒక్కటీ కట్టుకోవచ్చు. ఎప్పుడైనా తొలగింపు ప్యాచ్ కనిపిస్తే మౌనంగా ఉండకండి. సాదా టెక్స్ట్ మెయిల్‌లో కెర్నెల్ వెర్షన్, 9710:9835 నంబరు, దాని మీద రోజూ నడిచే పని, ఈ మూడూ రాసి ఆ ప్యాచ్‌కే జవాబివ్వండి. కొత్త వెర్షన్ మీద పరీక్షించి పెడతానని కూడా చెప్తే మీ మాటకి బరువుంటుంది, వాళ్లకి కావాల్సింది ఆ మనిషే.