ఫ్రిజ్‌లో పాలు పులవలేదు, చేదెక్కాయి. ఏటి సంగతి?

విజీనగరం_కోడలు:
మొన్న పెళ్ళికని ఊరెళ్ళి నాలుగు రోజులకి తిరిగొచ్చాం. వెళ్ళే తొందరలో పచ్చిపాలు కాచకుండానే ఫ్రిజ్‌లో పెట్టేశాను. వచ్చాక కాస్తే విరగలేదు, పులుపు లేదు. టీ పెడితే మాత్రం ఒకటే చేదు. మా అత్తగారేమో గేదె పిచ్చి మేత మేసిందంటున్నారు. ఇంకెవరికైనా ఇలా అయిందా?

నాగావళి_ఒడ్డు:
మా ఇంట్లోనూ అయిందండీ. నేను శ్రీకాకుళంలో మైక్రోబయాలజీ పీజీ చేశాను కాబట్టి చెప్పగలను, గేదె తప్పు కాదు. పాలను పులియబెట్టే బ్యాక్టీరియాకి వెచ్చదనం కావాలి, ఫ్రిజ్‌లో అవి మందగిస్తాయి. ఆ ఖాళీలో సూడోమోనాస్ లాంటి వేరే బ్యాక్టీరియా పెరుగుతాయి, వాటికి 4 డిగ్రీలు కూడా చాలు. అవి వదిలే ఎంజైము పాలలోని ప్రోటీన్‌ని ముక్కలు చేస్తుంది, ఆ ముక్కలే చేదు. కాస్తే బ్యాక్టీరియా చస్తుంది గానీ అది వదిలిన ఎంజైము పూర్తిగా పోదు, చేదు అసలే పోదు.

మాజీ_జవాను_టెక్కలి:
చలి అంటే నన్నడగాలి! లద్దాఖ్‌లో చేశాను. పెరుగు తోడుకోవాలంటే గిన్నెకి దుప్పటి చుట్టి బుఖారీ (గది వెచ్చబెట్టే పొయ్యి) పక్కన పెట్టేవాళ్ళం, అయినా సగం రోజులు నీళ్ళపాలే. అక్కడ అసలు ఇబ్బంది మరుగుదొడ్డి. మలం కుళ్ళదు, ఎక్కడిదక్కడే గడ్డకట్టి ఉండిపోతుంది. తర్వాత డీఆర్‌డీఓ (రక్షణ పరిశోధన సంస్థ) వాళ్ళు అంటార్కిటికా వంటి చలిచోట్ల నుంచి తెచ్చిన బ్యాక్టీరియాతో బయోడైజెస్టర్, అంటే మలాన్ని కుళ్ళబెట్టే ట్యాంకు, తయారుచేశారు. సియాచిన్‌లో పెట్టారు. మీరు ఆమదాలవలసలో రైలెక్కితే బోగీ మరుగుదొడ్డి కింద కనిపించే స్టీలు పెట్టెలు ఆ సంతతే.

పలాస_జీడిపిక్క:
అంటే అంటార్కిటికా బ్యాక్టీరియా మన పలాస ప్లాట్‌ఫాం మీదుగా పోతోందా గురువుగారూ! అయినా అంత చలిలో అవెలా బతుకుతాయి, స్వెట్టర్లు కుట్టించుకుంటాయా?

నాగావళి_ఒడ్డు:
ఒకరకంగా ఒంటినే కొత్తగా కుట్టించుకుంటాయి. చలికాలం నెయ్యి గడ్డకడుతుంది, నువ్వులనూనె కట్టదు, చూశారుగా? రెండూ కొవ్వులే, కొవ్వంటే పొడవాటి గొలుసుల్లాంటి అణువులు. నెయ్యిలో ఎక్కువ గొలుసులు తిన్నగా ఉండి పేర్చిన కట్టెల్లా దగ్గరగా సర్దుకుంటాయి. నూనె గొలుసుల్లో వంకర ఉంటుంది, అందుకని అవి బిగుసుకోవు. బ్యాక్టీరియా చుట్టూ ఉన్న పొర కూడా కొవ్వుదే. అది నెయ్యిలా బిగుసుకుపోతే లోపలికి తిండి పోదు. అందుకని చలి తగలగానే కొన్ని బ్యాక్టీరియా డీసాచురేజ్ అనే ఎంజైముతో ఉన్న గొలుసులనే వంచేస్తాయి. కొన్ని పొట్టి గొలుసులు, కొమ్మలున్న గొలుసులు చేర్చుకుంటాయి.

రెండోది ఎంజైములు. చలిచోటి ఎంజైము వదులు నులకమంచం లాంటిది. బిగువు తక్కువ కాబట్టి చలిలోనూ వంగి పనిచేస్తుంది, అదే వదులు వల్ల కాస్త వేడికే చెడిపోతుంది.

ఇక ప్రోటీన్ల తయారీకి సమాచారం మోసే ఆర్‌ఎన్‌ఏ చలికి తడిసిన దారంలా చిక్కులు పడుతుంది. ఆ చిక్కులు విప్పడానికి కోల్డ్ షాక్ ప్రోటీన్లు అని ప్రత్యేకంగా ఉంటాయి. మంచు ముక్కలు గుచ్చుకోకుండా చుట్టూ జిగురు పోసుకునేవి కూడా ఉన్నాయి. అంటార్కిటికాలోని ఒక సరస్సులో దొరికిన మారినోమోనాస్ ప్రైమోరియెన్సిస్ మరీ విచిత్రం. పొడవాటి ప్రోటీన్ చెయ్యి చాచి మంచుని పట్టుకుని, పైన వెలుతురు, ఆక్సిజన్ ఉన్నచోటనే వేలాడుతుంది. నాకైతే వీటన్నిటిలో ఇదే ముద్దొస్తుంది.

బొబ్బిలి_మాస్టారు:
ఒక్క నిమిషం తమ్ముడూ. చలి ఎంజైము వేడికి చెడిపోతుందన్నావు. మరి కాచిన పాలలో ఆ ఎంజైము ఎలా మిగిలింది? నీ రెండు పోస్టులూ పొసగడం లేదు.

నాగావళి_ఒడ్డు:
పట్టేశారు మాస్టారూ, నేనే కలిపేశాను. ఫ్రిజ్‌లోవి చలిని ఓర్చుకునేవి మాత్రమే, వాటికి హాయిగా ఉండేది 25 నుంచి 30 డిగ్రీల దగ్గర. అసలైన చలిప్రియులకి 15 లోపే హాయి, 20 దాటితే పెరగవు. మన ఊరి ఎండ వాటికి నరకం. సూడోమోనాస్ పాలలో వదిలే ప్రోటియేజ్ (ప్రోటీన్‌ని ముక్కలు చేసే ఎంజైము) వేడికి ఓర్చుకునే రకం, చలి ఎంజైము వేడికి చెడిపోతుందన్నది అన్నిటికీ వర్తించే లెక్క కాదు. అటు చివర చూస్తే, కెనడా ఆర్కిటిక్ గడ్డనేలలో దొరికిన ప్లానోకాకస్ హాలోక్రయోఫిలస్ మైనస్ 15 డిగ్రీల ఉప్పునీటిలో కూడా పెరిగింది. ఉప్పు ఎక్కువైతే నీరు గడ్డకట్టదు కదా, అదే దానికి ఇల్లు.

బొబ్బిలి_మాస్టారు:
ఇప్పుడు కుదిరింది. ఇందులో మన పక్క పని కూడా ఉంది. హైదరాబాద్ సీసీఎంబీ (జీవకణాల మీద పరిశోధన చేసే సంస్థ)లో ఎస్. శివాజీ గారి బృందం అంటార్కిటికా బ్యాక్టీరియా మీద ఏళ్ళ తరబడి పనిచేసింది. రంగున్న ఒక రకాన్ని 5 డిగ్రీల దగ్గరా, 25 దగ్గరా పెంచి చూస్తే, చలిలో పెరిగినదాంట్లో కొన్ని కెరోటినాయిడ్లు (క్యారెట్‌కి రంగునిచ్చే జాతి పదార్థాలు) ఎక్కువయ్యాయి. ఆ రంగు పదార్థమే పొరకి అతుక్కుని దాని బిగువుని సర్దుతుందని వాళ్ళ ఆలోచన.

వేరావల్_కళాసీ:
మాది భావనపాడు వైపు. ఆరేళ్ళు గుజరాత్ వేరావల్‌లో బోటు పని చేశాను. ఒక్కో వేట పదిహేను ఇరవై రోజులు, చేపంతా ఐసులోనే. మొదటి రోజుల్లో పడ్డ చేపకి చివర్లో రేటు రాదు, కన్ను లోపలికి పోయి, మొప్ప తెల్లబడి ఉంటుంది. ఐసులో ఉన్నా చేప ఎందుకు పోతుందని అడిగితే తండేలు (బోటు నాయకుడు) తిట్టేవాడు. ఇదన్నమాట!

నాగావళి_ఒడ్డు:
అదే అన్నా. ఐసులో ఉన్న చేపని పాడుచేసేవి కూడా సూడోమోనాస్, షెవనెల్లా. కానీ మనకో లాభం ఉంది. వెచ్చని సముద్రపు చేప మీద ఉండేవి ఎక్కువగా వెచ్చదనానికి అలవాటుపడ్డ బ్యాక్టీరియా. ఐసు పడగానే అవి చతికిలబడతాయి. అందుకే మన వంజరం, చందువా లాంటివి చలిదేశపు చేపల కంటే సాధారణంగా ఎక్కువ రోజులు ఆగుతాయి.

పలాస_జీడిపిక్క:
రైలు మరుగుదొడ్డి కింది ఆ స్టీలు పెట్టెలు నిజంగా పనిచేస్తాయా? నాకు వాసన తప్ప ఏమీ తెలియలేదు.

మాజీ_జవాను_టెక్కలి:
అందులో సీసాలు, గుట్కా ప్యాకెట్లు పడేస్తే ఏ బ్యాక్టీరియా ఏం చేస్తుంది బాబూ? అలాగని అంతా జనం తప్పు కూడా కాదులే. మద్రాసు ఐఐటీ వాళ్ళు పరీక్షించి సెప్టిక్ ట్యాంకు కన్నా గొప్పగా లేవన్నారని పేపర్లో వచ్చింది.

విజీనగరం_కోడలు:
అందరికీ థాంక్సండీ. అత్తగారికి చదివి వినిపించాను. అంతా విని "అయినా ఆ గేదె మంచిది కాదు" అన్నారు. పాలు ఇకమీదట రాగానే కాచేస్తాను. అదే ఫ్రిజ్‌లో పెళ్ళికి ముందు రుబ్బిన ఇడ్లీపిండి కూడా ఉంది, ఆరు రోజులైంది. వాడొచ్చా?

నాగావళి_ఒడ్డు:
పారబోసేయండమ్మా.