‘వివరింపదగున్’ అంటే వివరించడమేనా?

పాత కాలేజీ నోట్సు తిరగేస్తుంటే ‘వినదగు నెవ్వరు చెప్పిన’ కనబడింది. రెండో పాదం ‘వినినంతనె వేగిరపడక వివరింపదగున్’ అని ఉంది. పక్కన అర్థం: ‘తొందరపడక ఇతరులకు వివరించవలెను’. నిజమో కాదో తేలకుండానే ఇంకొకరికి చెప్పమంటాడా సుమతీకారుడు?

— ముందు పాఠం దిద్దుకోండి. ‘వేగిరపడక’ కాదు, ‘వేగపడక’. గణాలుగా విడదీస్తే: వినినం, తనె వే, గపడక, వివరిం, పదగున్. ఒక్క అక్షరం పెరిగితే నాలుగో గణం ‘క’తో మొదలై, పాదం మొదటి అక్షరంతో కుదరాల్సిన వి–వి యతి పోతుంది.

— అడిగింది అర్థం గురించి కదండీ. వి+వృ అంటే మూత తీయడం. వివృతం, కర్ణవివరం అన్నీ అక్కడివే. అంటే విప్పి చూడాలి, విచారించాలి. ఇవాళ్టి వాడుక పట్టుకుని చదివితేనే ‘ఇతరులకు’ అన్నది వచ్చి చేరుతుంది. పద్యంలో ఆ మాట ఎక్కడుంది?

— మూడో పాదమూ అదే చెబుతోంది. ‘కనికల్ల’ అని కలిపి అచ్చువేయడంతో ఒకే మాట అనుకుంటున్నారు. అది ‘కని, కల్ల నిజము’. చెవిన పడ్డదాన్ని కంటితో చూసి తేల్చుకోమని.

— కంటితోనే అని ఎందుకు? వేమన ఉప్పూ కప్పురమూ పద్యం తలుచుకోండి. కంటికి రెండూ ‘ఒక్క పోలికనుండు’. తేడా తెలిసేది ‘చూడఁ జూడ రుచుల జాడ వేరు’ అన్నప్పుడు. అక్కడ చూడడమంటే నాలుక మీద వేసుకోవడం. ఎంత గొప్ప పాదం! ‘కని’ కూడా ‘పరీక్షించి’ అనే నా అభిప్రాయం.

— పరీక్షించడం ‘వివరింప’లోనే వచ్చేసింది, ‘కని’కీ అదే అర్థమైతే పునరుక్తి. నేను కంటిచూపు దగ్గరే ఆగుతాను. నాలుగో పాదంలో ‘పో’ని మాత్రం ఎవరూ పట్టించుకోలేదు. ‘మనుజుఁడె పో నీతిపరుఁడు’ అంటే ‘అతడే సుమా నీతిపరుడు’. వెళ్ళడం కాదు, నిశ్చయం. తీసేస్తే ‘పో నీ’ అనే గగం, అంటే రెండు గురువుల గణం, విరిగిపోతుంది.

— అన్నీ బాగున్నాయి, కల్లా నిజమూ తెలిసినవాణ్ణి ‘వివేకి’ అనకుండా ‘నీతిపరుఁడు’ అన్నాడేం?

— నీతి అంటే నడిపే తీరు. రాజనీతిలోని నీతి అదే. నలుగురిని నడిపేవాడు విన్నవెంటనే ఉరికితే నష్టం తనొక్కడితో పోదు.

— అయితే నోట్సులో ‘విచారించవలెను’ అని దిద్దనా, ‘విప్పి చూడవలెను’ అనా?

— ‘విచారించు’ వద్దు. ఇప్పుడు దాన్ని బాధపడడం అనుకునేవాళ్ళూ ఉన్నారు.