సప్లయర్ ఖాతా మారిందని మెయిల్ వస్తే డబ్బు పంపేశాను, మెయిల్ దొంగదట. మా మాటలు వాళ్లకెలా తెలిశాయి?

లెడ్జర్:
పదకొండేళ్లుగా ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తున్నాను. పోయిన సోమవారం సప్లయర్ నుంచి మెయిల్: "ఆడిట్ వల్ల పాత ఖాతా ఆపేశాం, ఈ బిల్లు కొత్త ఖాతాకు వేయండి." ఇన్వాయిస్ నంబరు, మొత్తం పైసాతో సహా సరిపోయాయి. కింద మేం రాసుకున్న పాత మెయిల్స్ కూడా ఉన్నాయి. పంపేశాను. గురువారం సప్లయర్ ఫోన్: "పేమెంట్ ఎప్పుడు వేస్తారమ్మా? మీ సార్‌కి రెండు మెయిల్స్ పెట్టాను, జవాబే లేదు." నాకు చేతులు చల్లబడిపోయాయి. వెంటనే బ్యాంకుకు చెప్పాం, పోలీసు ఫిర్యాదు ఇచ్చాం. యాంటీవైరస్‌లో ఏమీ దొరకలేదు. నేను ఏం చూడకుండా వదిలేశాను?

రాత్రిషిఫ్ట్:
బ్యాంకుకు వెంటనే చెప్పి మంచి పని చేశారండీ. ఆ మెయిల్ అడ్రస్ అక్షరం అక్షరం చదవండి. ఇంగ్లిష్ ఆర్, ఎన్ పక్కపక్కన పడితే ఎమ్ లాగే కనిపిస్తాయి. తర్వాత మీ సార్ మెయిల్‌ను బ్రౌజర్‌లో తెరిచి, సెట్టింగ్స్‌లో రూల్స్ (వచ్చిన మెయిల్‌ను దానంతటదే వేరే చోటికి పంపే ఏర్పాట్లు) చూడండి. వైరస్ లేకుండానే, పాస్‌వర్డ్ ఒక్కటి దొరికితే చాలు, ఇదంతా చేయొచ్చు.

లెడ్జర్:
దొరికింది! అడ్రస్‌లో మీరన్నట్టే ఆర్, ఎన్. సార్ మెయిల్‌లో ఒక రూల్ ఉంది, దాని పేరు ఉత్త చుక్క. ఇన్వాయిస్, పేమెంట్ అన్న మాటలున్న మెయిల్ వస్తే ఒక కాపీ బయటి అడ్రస్‌కు వెళ్తుంది, అసలుది ఆర్ఎస్ఎస్ ఫీడ్స్ ఫోల్డర్‌లో పడుతుంది. ఆ ఫోల్డర్ మేమెవరం ఎప్పుడూ తెరవలేదు. సప్లయర్ పెట్టిన రెండు మెయిల్స్ అక్కడే ఉన్నాయి. రెండు నెలల క్రితం ఏదో డాక్యుమెంట్ లింకు తెరిస్తే లాగిన్ అడిగిందని, పాస్‌వర్డ్ కొట్టానని సార్‌కి ఇప్పుడు గుర్తొచ్చింది.

పాతకాపు:
రూల్ తీసేసి పాస్‌వర్డ్ మారిస్తే సరిపోదమ్మా. లాగిన్ అయి ఉన్న అన్ని చోట్ల నుంచీ సైన్ అవుట్ చేయించండి, ఆ ఖాతాకు ఏ యాప్‌లు కలిపి ఉన్నాయో చూడండి. దొంగ లాగిన్ పేజీ ఓటీపీని కూడా లాగేస్తుంది, అందుకే వీలైతే పాస్‌కీ (పాస్‌వర్డ్ బదులు ఫోన్ లేదా కంప్యూటర్ లాక్‌తో లాగిన్ అయ్యే పద్ధతి, దొంగ పేజీలో పనిచేయదు) పెట్టుకోండి. ఖాతా మార్పు ఎవరు అడిగినా మీ దగ్గర ముందునుంచీ ఉన్న నంబరుకే ఫోన్ చేయాలి, మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు కాదు. మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. 2013 నుంచి 2015 దాకా గూగుల్, ఫేస్‌బుక్ అకౌంట్స్ వాళ్లు కూడా ఇలాంటి దొంగ ఇన్వాయిస్‌లకు 10 కోట్ల డాలర్లకు పైగా కట్టేశారు. ఆ పని చేసిన లిథువేనియా మనిషికి 2019లో అమెరికా కోర్టు 5 ఏళ్ల జైలు వేసింది. ఒక్క మాట, మీ కస్టమర్లకు కూడా ఫోన్ చేశారా?

లెడ్జర్:
ఇప్పుడే మొదలుపెట్టాను. నాలుగో ఆయనకు మా పేరుతోనే "ఖాతా మారింది" అని నిన్న మెయిల్ వచ్చిందట. ఇంకా డబ్బు వేయలేదు. మిగతా వాళ్లకు చేస్తున్నాను.