అప్‌డేట్: హాట్ బ్లాకులు ఎస్‌ఎస్‌డీలోకి ఎందుకు దిగిపోతున్నాయో తెలిసింది

బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో మా క్లస్టర్‌కి (కలిసి పనిచేసే సర్వర్ల గుంపు) ఆర్‌డీఎంఏ (ఒక మెషిన్ ఇంకో మెషిన్ మెమరీని నెట్‌వర్క్ మీదుగా నేరుగా చదివే పద్ధతి) పెట్టాక, హాట్ బ్లాకులే, అంటే అందరూ ఎక్కువగా చదివే డేటా ముక్కలే, వేగంగా ఉండే ర్యామ్ నుంచి దానికంటే నెమ్మదైన ఎస్‌ఎస్‌డీకి వెళ్లిపోతున్నాయని అడిగాను కదా. కారణం దొరికింది. ఆర్‌డీఎంఏ రీడ్‌లో నెట్‌వర్క్ కార్డే మెమరీలోంచి డేటా లాగేస్తుంది, సర్వర్ సీపీయూకి కబురే ఉండదు. ఏ బ్లాక్ ర్యామ్‌లో ఉండాలో, ఏది ఎస్‌ఎస్‌డీకి పోవాలో రీడ్‌ల లెక్క చూసి తేల్చే మా టైరింగ్ ప్రోగ్రామ్ లెక్కపెట్టేదేమో సీపీయూ దాకా వచ్చినవాటినే! పెరటి దారిన పోయేవాళ్లను వీధి గుమ్మం దగ్గర లెక్కపెట్టినట్టుంది.

ఇప్పుడు క్లయింట్లే (డేటా చదివే మెషిన్లు) తమ రీడ్‌లు లెక్కపెట్టుకుని, పోగేసి అప్పుడప్పుడు పంపుతున్నాయి. ప్రతి రీడ్‌కీ పంపితే ఆర్‌డీఎంఏ పెట్టీ దండగే.

ఇంకో తలనొప్పి: బ్లాక్ జరిపాక మెమరీ కీ (క్లయింట్ ఆ మెమరీని చదవడానికి ఇచ్చిన అనుమతి) రద్దు చేస్తే, పాత అడ్రస్‌తో చదివే క్లయింట్ కనెక్షన్ మొత్తం ఎర్రర్‌లోకి పోతోంది. అందుకే కీ వెంటనే తీసేయకుండా, చదివింది పాతదైతే క్లయింట్‌కి తెలిసేలా బ్లాక్ హెడర్‌లో (మొదటి భాగంలో) వెర్షన్ నంబర్ పెట్టి చూస్తున్నాం.