ఉలుచ్ అలీ, కిలిచ్ అలీ: ఇద్దరా, ఒక్కడేనా?

ప్రశ్న: ఒట్టోమన్ తురుష్కులకూ క్రైస్తవ రాజ్యాల కూటమికీ సముద్రం మీద జరిగిన లెపాంటో యుద్ధం గురించి చదువుతుంటే ఒకచోట ఉలుచ్ అలీ, ఇంకోచోట కిలిచ్ అలీ, ఇటలీ వాళ్ల రాతల్లో ఒక్కియాలి అని కనిపిస్తోంది. అందరూ ఒకరేనా? అసలు కిలిచ్ అనాలా, కిలిక్ అనాలా?

జవాబు: ఒక్కడేనండీ. కిలిచ్ అనే రాయండి, టర్కిష్‌లో ‘సి’ కింద తోక ఉంటే ‘చ’ పలుకుతుంది. కిలిచ్ అంటే కత్తి.

ఆ కత్తి ఆయనకు యాభై దాటాక దక్కింది. పుట్టింది ఇటలీ దక్షిణ కొసన కలాబ్రియాలో, లె కాస్తెల్లాలో. అసలు పేరు జొవాన్ని దియొనీజి గలేని. 1536లో కోర్సెయిర్లు, అంటే ఓడల మీద పడి దోచే సముద్రపు దాడిగాళ్లు, ఎత్తుకెళ్లి గాలీ ఓడలో తెడ్లు వేయించారు. ఏళ్ల తర్వాత ఇస్లాంలోకి మారి, ఆ కోర్సెయిర్లలోనే కలిసి, పేరుమోసిన ఒట్టోమన్ నౌకానాయకుడు తుర్గుత్ రెయిస్ దగ్గర పనిచేసి, 1568లో ఉత్తరాఫ్రికాలోని అల్జీర్స్‌కు బేలర్‌బే, అంటే గవర్నర్ అయ్యాడు. (కోర్సెయిర్‌ని ఉత్త సముద్రపు దొంగ అనేస్తే సరిపోదు, వాళ్ల వెనక పాలకుల అండ ఉండేది.) ఇంత ఎదిగినా పేరు ముందు ఆ ‘ఉలుచ్’ పోలేదు. అరబ్బీ ‘ఇల్జ్’కి బహువచనం ‘ఉలూజ్’, దాన్నుంచి వచ్చింది: పరాయివాడు, మతం మారి వచ్చినవాడు అని. మన ఊళ్లలో ఎవరో ఎగతాళికి పెట్టిన పేరే చివరికి ఇంటిపేరైపోతుంది చూడండి, అలాగన్నమాట.

1571 అక్టోబరు 7న లెపాంటోలో ఒట్టోమన్ నౌకాదళం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. ఎడమవైపు దళం ఈయనది. ఎదుటి క్రైస్తవ దళపతి జాన్ ఆంద్రియా దోరియాను దూరంగా లాగి, ఆ సందులో దూరి మాల్టా నైట్ల (క్రైస్తవ యోధుల సంఘం) నాయక ఓడను పట్టేశాడు, తర్వాత దాన్ని వదిలేయాల్సి వచ్చినా జెండా మాత్రం వదల్లేదు. మిగిలిన ఓడలతో ఇస్తాంబుల్ చేరితే సుల్తాన్ రెండో సెలీం కప్తాన్ పాషాని, అంటే నౌకాదళాధిపతిని చేసి, ఉలుచ్ తీసేసి కిలిచ్ పెట్టాడు. పేరు మోత పెద్దగా మారలేదు, పరువు మారింది!

ఇంకొకరు: మరి స్పానిష్ రచయిత సెర్వాంటెస్ ఈయన్ని ‘ఉచాలీ ఫర్తాష్’ అన్నాడే?

జవాబు: అవును, తన నవల డాన్ కిహోటేలో. గజ్జితల మతభ్రష్టుడని అర్థం చెప్పి, అది టర్కిష్ అన్నాడు. కానీ ‘ఫర్తాస్’ ఉత్తరాఫ్రికా అరబ్బీ మాట, బట్టతల అని. తెడ్డు దగ్గర ఒక తురుష్కుడు చెంపదెబ్బ కొడితే పగ తీర్చుకోడానికే ఉలుచ్ అలీ మతం మారాడనీ సెర్వాంటెసే రాశాడు. సెర్వాంటెస్ తనే లెపాంటోలో క్రైస్తవుల వైపు పోరాడి గాయపడ్డవాడు, ఆపైన అల్జీర్స్‌లో అయిదేళ్లు బందీ, అయినా మూడువేలమంది బందీలున్న ఈ ఉలుచ్ అలీ వాళ్లను దయగా చూసేవాడని రాయడం నాకు భలే నచ్చింది.

మరొకరు: కిలిచ్ అలీ మసీదు, సమాధి ఇస్తాంబుల్‌లోని తోప్‌హానే అనే పేటలో ఉన్నాయి, ఒట్టోమన్ వాస్తుశిల్పి సినాన్ కట్టాడు. తోప్ అంటే ఫిరంగి. హైదరాబాద్ గన్‌ఫౌండ్రీని ‘తోప్ కా సాంచా’ అంటారే, ఆ తోపే ఇది.